ఫ్రాంజ్ మార్క్ ‘పులి’: పసుపు అంటే ఏమిటి అని కాదు, పసుపు ఏం చేస్తోంది అని అడగండి

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ 1912లో వేసిన ‘పులి’ మీద నాలుగు పేజీల విశ్లేషణ రాయాలి. మీ ముసాయిదాలో ‘పసుపు కోపానికీ, ఎరుపు హింసకీ, పదునైన కోణాలు రాబోయే యుద్ధానికీ సంకేతం’ అని ఉంది. ‘ఇదంతా నీ ఊహ, బొమ్మలో ఆధారం చూపించు’ అని వెనక్కి పంపారు. ఆధారం ఎక్కడ వెతకాలి, దాన్ని ఎలా రాయాలి అన్నది మీ సందేహం.

వెనక్కి పంపినవాళ్లు సరిగ్గానే పంపారు. ఆ మూడు మాటల్లో ఒక్కటీ బొమ్మను చూసి పుట్టినది కాదు. మొదటి రెండూ ఏ రంగుకైనా, ఏ బొమ్మకైనా అతికే మాటలు. మూడోదానికి తేదీయే అడ్డం వస్తుంది: బొమ్మ 1912 నాటిది, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది 1914లో. అలాగని మీకు ఆ బొమ్మ ముందు కలిగిన ఉలికిపాటు అబద్ధం కాదు. దాన్ని పుట్టించింది ఏమిటో తప్పుగా గుర్తించారు, అంతే.

అసలు మీరు చూస్తున్నది ఏ బొమ్మనో ముందు తేల్చుకోండి. ఇది కాన్వాస్ మీద నూనె రంగులతో వేసిన చిత్రం. ఎత్తు మీటరు పైన పది సెంటీమీటర్ల చిల్లర. మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది. అంతకుముందు ఇది బెర్లిన్ పారిశ్రామికవేత్త బెర్న్‌హార్డ్ కోలర్ సేకరణలోది. కోలర్ 1910 నుంచి మార్క్‌కు నెలనెలా డబ్బు పంపి, బదులుగా బొమ్మలు తీసుకున్న మనిషి. ఆ కుటుంబం ఇచ్చిన విరాళంగా 1965లో మ్యూజియానికి చేరింది.

ఇక సైజు. ఫోన్‌లో ఈ బొమ్మ అరచేతిలో పట్టే రంగురాళ్ల నగలా కనిపిస్తుంది, ముద్దుగా కూడా ఉంటుంది. గోడ మీద సుద్దముక్కతో 111 సెంటీమీటర్ల ఎత్తున, దాదాపు అంతే వెడల్పున ఒక పెట్టె గీసి, రెండు మీటర్ల దూరంలో నిలబడండి. అందులో పులి చాలావరకు నిండి ఉందని ఊహించుకోండి. అది ఇప్పుడు నగ కాదు, మీ ఛాతీ ఎత్తులో ముడుచుకుని పడుకున్న జంతువు. చుట్టూ ఖాళీ దాదాపు లేదు, వెనక్కి తగ్గడానికి దానికీ చోటు లేదు, మీకూ లేదు. ‘ఇరుకు’ అన్న మాట మీ వ్యాసంలోకి రావాలంటే ఈ పని చేసి తీరాలి. ఫోన్ తెర చూస్తే ఆ మాట తట్టదు.

రంగుల విషయంలో ఇంకో జాగ్రత్త. పోస్టర్లు అమ్మేవాళ్లు రంగుల్ని బాగా పెంచేస్తారు, అంచులు కత్తిరిస్తారు. మూడు వేర్వేరు చోట్ల దొరికిన ఫొటోల్ని తెర మీద పక్కపక్కన పెట్టండి. ఎరుపు ఒకదాంట్లో కుంకుమలా, ఇంకోదాంట్లో ఇటుకలా ఉంటుంది. అందుకే అసలు బొమ్మను కళ్లతో చూడనివాళ్లు రంగు ఛాయ మీద విశేషణాలు రాయకూడదు. ‘నిప్పులు చెరిగే ఎరుపు’ అని రాస్తే అది మార్క్ ఎరుపో, ప్రింటరు ఎరుపో మీకే తెలీదు. ‘పసుపు చుట్టూ ఉన్నవన్నీ దానికన్నా ముదురు’ అని రాస్తే ఏ ఫొటోలో చూసినా నిలుస్తుంది. ఛాయలు ప్రింటు ప్రింటుకీ మారతాయి, రంగుకీ రంగుకీ మధ్య సంబంధం అంత తేలిగ్గా మారదు. వ్యాసాన్ని ఆ సంబంధాల మీద కట్టండి. ఫొటో మాత్రం మ్యూజియం సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోండి.

ఇప్పుడు చూడటం. పది నిమిషాలు కలం ముట్టుకోకుండా చూడండి. తర్వాత పదిహేను వాక్యాలు రాయండి, ఒక్క షరతుతో: భావం చెప్పే మాట ఒక్కటీ రాకూడదు. కోపం, భయం, క్రూరం, అందం, గంభీరం అన్నీ నిషేధం. ఇలా ఉండాలి: ‘పులి ఒళ్లు పసుపు. చారలు నలుపు. ఒంట్లో గుండ్రని గీత కన్నా విరిగిన గీతలే ఎక్కువ. ఒళ్లు ముడుచుకుని ఉంది, తల తిరిగి ఉంది. ఆకాశం లేదు. నేల ఎక్కడ మొదలైందో చెప్పే గీత లేదు. చుట్టూ ఉన్నవి ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా ముక్కలు. వాటిలో ఏది బండో, ఏది పొదో తేలదు. వేట జంతువు లేదు. రక్తం లేదు. కోరలు కనిపించవు.’

ఈ పదిహేను వాక్యాల్లో బాగా పనికొచ్చేవి ‘లేదు’తో ముగిసేవే. చిత్రకారుడు ఏం వేయలేదో రాయడం ఎక్కువమందికి తట్టదు. మీ మొదటి ముసాయిదాను ఈ జాబితా పక్కన పెట్టి చూడండి. హింస అన్నారు, హింసించేదీ, హింసపడేదీ బొమ్మలో ఎక్కడ?

కోపం సంగతీ ఇక్కడే తేలిపోతుంది. పులి కోపంగా ఉంటే ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. పెదవులు వెనక్కి లాగి కోరలు చూపిస్తుంది. చెవుల్ని పక్కకు తిప్పి తలకు అణిచిపెడుతుంది, అప్పుడు చెవి వెనకున్న తెల్లమచ్చ ముందుకు కనిపిస్తుంది. తోక కొరడాలా ఊగుతుంది. మార్క్‌కు ఇది తెలియక వేయలేదనుకోవడానికి లేదు. 1910కి ముందు కొన్నేళ్లపాటు జంతువుల శరీర నిర్మాణం మీద చిత్రకళ విద్యార్థులకు పాఠాలు చెప్పి డబ్బు సంపాదించుకున్న మనిషి ఆయన. ఎముక ఎక్కడ మడుస్తుందో, కండ ఎక్కడ ఉబ్బుతుందో చూడకుండానే గీయగలడు. కోరల పులిని వేయగలిగీ వేయలేదంటే అది ఎంచుకుని చేసిన పని. మీ వ్యాసానికి ఇదో గట్టి ఆధారం.

మరి ఆ ఉలికిపాటు ఎక్కడినుంచి వచ్చింది? దీనికి నాలుగు చిన్న పరీక్షలున్నాయి, గంటలోపు అయిపోతాయి. కావలసినవి రెండు ఏ4 కలర్ ప్రింట్లు, రెండు ట్రేసింగ్ పేపర్లు, ఒక అట్టముక్క, పెన్సిల్.

మొదటిది అట్టముక్కది. మూడు సెంటీమీటర్ల చదరపు కిటికీ కోసి, ప్రింటు మీద పెట్టి జరుపుతూ పోండి. తల దగ్గర పెడితే వెంటనే ‘పులి’ అంటారు. తొడ దగ్గర పెడితే పసుపు ముక్కలు, నల్ల పట్టీలు తప్ప ఇంకేం లేవు. నేపథ్యంలో పెడితే రంగు అద్దాల పెంకులు. ఇప్పుడు ఉల్టా చేయండి: తలను మాత్రం వేలితో మూసి మిగతాదంతా చూడండి. జంతువు దాదాపు మాయమవుతుంది. పోలిక అంతా తలలో, ముఖ్యంగా కంట్లో, పోగేసి ఉంది. ఒళ్లంతా పులి అవుతున్నది ఆ ఒక్క కన్ను చూడబట్టే. మామూలు పులి బొమ్మలో అరంగుళం చొప్పున అంతటా పులి ఉంటుంది. ఇక్కడ ఒకే చోట ఉంది. అందుకే ఎక్కడినుంచి మొదలుపెట్టినా మన చూపు ఆ కంటి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

రెండోది ట్రేసింగ్. మొదటి కాగితం మీద పులి బయటి అంచు మాత్రమే గీయండి. కొన్నిచోట్ల పెన్సిల్ ఆగిపోతుంది, ఇది తొడ అంచా, వెనకున్న ముక్క అంచా అని. ఆగిన ప్రతిచోటా చిన్న సున్నా చుట్టండి. రెండో కాగితం మీద పులి ఒంట్లోని తిన్నని గీతల్ని స్కేలుతో బయటికి పొడిగించండి. అవి నేపథ్యంలోని ముక్కల అంచులకు ఎక్కడ దగ్గరవుతున్నాయో, ఎక్కడ సమాంతరంగా నడుస్తున్నాయో చూడండి. పులికి ఒక రకం గీత, అడవికి ఇంకో రకం గీత లేదని తెలుస్తుంది. మోకాలు మడిచిన కోణమే పక్కనున్న ఎర్ర ముక్కలోనూ ఉంది. జంతువునూ దాని చుట్టూ ఉన్నదాన్నీ ఒకే ఉలితో చెక్కినట్టుంటుంది. మీ సున్నాలు, మీ పొడిగింపు గీతలు ఉన్న కాగితాన్ని ఫొటో తీసి వ్యాసానికి జతచేయండి. ‘ఊహ’ అనడానికి ఇక వీలుండదు.

మూడోది నలుపు-తెలుపు పరీక్ష. ఫోన్‌లో రంగులు తీసేసి చూడండి. అన్ని రంగుల్లోకీ లేతగా ఉండేది పసుపు కాబట్టి పులి ఒళ్లు దాదాపు తెల్లగా మిగులుతుంది. రంగుల్లో ఎరుపూ ఆకుపచ్చా ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి కదా, నలుపు-తెలుపులో అవి చాలాచోట్ల దగ్గరి బూడిద రంగుల్లోకి పడిపోతాయి. అంటే నేపథ్యంలో రంగుల రగడ ఉంది కానీ వెలుతురు తేడా తక్కువ. పులిలో రంగు ఒకటే కానీ, పసుపు పక్కన నలుపు పెట్టడం వల్ల లేత-ముదురు తేడా గరిష్ఠంగా ఉంది. రైల్వే గేటు దగ్గరా, రోడ్డు మలుపుల దగ్గరా ఇదే జంటను వాడేది ఇందుకే, ఎంత దూరం నుంచైనా కన్ను దాన్ని తప్పించుకోలేదు. పసుపు ఏం ‘సూచిస్తోంది’ అన్నదానికి ముందు అది ఏం చేస్తోంది అన్నదానికి జవాబు ఇదీ: చుట్టూ అంత గోల ఉన్నా చూపును పట్టి నిలుపుతోంది.

నాలుగోది మీ ఒంటితో చేసేది. పులి భంగిమలో నేల మీద కూర్చోండి, నవ్వులాట కాదు. ఒళ్లు ముడుచుకుని, తల మాత్రం తిప్పి ఒకవైపు చూడండి. అర నిమిషంలో మెడ లాగుతుంది. ఒళ్లు విశ్రాంతిలో ఉంది, తల లేదు. పడుకున్నది ఏదో అలికిడి విని అప్పుడే తల తిప్పింది, ఇంకా లేవలేదు. ఒంటికీ తలకీ వేగం వేరు. మీకు కలిగిన ఉలికిపాటు పులి కోపంలోంచి కాదు, ఈ రెండు వేగాల మధ్య ఉన్న బిగువులోంచి పుట్టింది. దీనికి తెలుగులో మంచి మాటలున్నాయి: చెవులు రిక్కించడం, పొంచి ఉండటం, అలికిడి పసిగట్టడం. ‘కోపం’ తీసేసి వీటిలో ఒకటి పెట్టండి, వ్యాసం సగం బాగుపడుతుంది.

చారల దగ్గర కాసేపు ఆగాలి. మొహర్రానికో దసరాకో పులివేషం వేసేవాళ్ల ఒంటికి రంగులు పూసే చేయి తిరిగిన పనివాణ్ని గమనించండి. అతను చారను కండ వంపు వెంట లాగుతాడు. పొట్ట దగ్గర ఒకలా, భుజం దగ్గర ఇంకోలా తిప్పుతాడు. అలా తిప్పకపోతే అది చారల చొక్కా అవుతుంది గాని తోలు కాదు. మార్క్ చేసింది దీనికి ఇంకో మెట్టు పైన. ఆయన చార వంపు వెంట వెళ్లడమే కాదు, ఒక తలం (చదునైన ముఖం) ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంచు పని కూడా చేస్తుంది. వెలుగునీడలు దిద్దకుండానే ఒంటికి బరువు వచ్చింది అందుకే. ప్రింటు మీద ఏదైనా ఒక నల్ల పట్టీని తెల్ల కాగితం ముక్కతో కప్పి చూడండి. చార పోవడమే కాదు, ఆ చోట ఒళ్లు చదునైపోతుంది. అలంకారం అనుకున్నది ఎముకలా పనిచేస్తోందన్నమాట. నాలుగు పేజీల్లో ఒక పేజీ దీనికే ఇచ్చినా తప్పు లేదు.

ఇక మీరు తప్పకుండా పడబోయే గొయ్యి: మార్క్ రంగుల ఉత్తరం. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా ఇదే ముందు దొరుకుతుంది. 1910 డిసెంబర్ 12న మార్క్ తన స్నేహితుడు, చిత్రకారుడు ఔగుస్ట్ మాకెకు రాసిన ఉత్తరంలో నీలం పురుష తత్వం, కఠినం, ఆధ్యాత్మికం అన్నాడు. పసుపు స్త్రీ తత్వం, సౌమ్యం, ఉల్లాసం, ఇంద్రియ సుఖం అన్నాడు. ఎరుపు పదార్థం, మొరటుది, బరువైనది, మిగతా రెండూ దానితో పోరాడి గెలవాల్సిందే అన్నాడు. విద్యార్థులు దీన్ని నిఘంటువులా తెరిచి బొమ్మ మీద అతికిస్తారు.

మీ పులికి అతికించి చూడండి. సౌమ్యమైన, ఉల్లాసవంతమైన పులి? అతకదు. అదే 1911లో మార్క్ వేసిన ‘పసుపు ఆవు’కు అతికించండి. న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్‌లో ఉంది, వెనక కాళ్లు ఎగరేసి గెంతుతున్న ఆవు. ఇట్టే అతుకుతుంది. ఆయన నీలి గుర్రాలకు నీలం మాటా కుదురుతుంది. ఒక్క ఏడాది తేడాతో అదే చిత్రకారుడి అదే పసుపు ఆవులో ఉల్లాసం, పులిలో బిగువు. కాబట్టి అర్థం రంగు డబ్బాలో లేదు. ఆవు పసుపు గుండ్రంగా ఒలుకుతుంది, పులి పసుపును నల్ల అంచులు ముక్కలుగా కోస్తాయి. రంగు అదే అయినా దాన్ని పట్టి ఉంచిన గీత వేరు. ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి ఈ ఒక్క తేడా రాస్తే, ఉత్తరాన్ని పూర్తిగా ఉటంకించిన వ్యాసం కన్నా ఎక్కువ చెప్పినట్టు.

పైగా ఉత్తరాన్ని ఆ మూడు వాక్యాల దగ్గరే ఆపేస్తారు. తర్వాతి భాగమే మీకు పనికొచ్చేది. నీలంలో ఎరుపు కలిపితే ఆ నీలం భరించలేని దుఃఖంగా మారుతుందనీ, అప్పుడు ఊదాకు ఎదురు రంగైన పసుపు ఓదార్పుగా రాక తప్పదనీ అంటాడు. ఎరుపూ పసుపూ కలిపి నారింజ చేస్తే, నెమ్మదైన పసుపుకు గ్రీకు పురాణాల్లోని ప్రతీకార దేవత మెగైరా లాంటి శక్తి వస్తుందనీ, దాన్ని చల్లార్చడానికి మళ్లీ నీలం కావాలనీ అంటాడు. అంటే ఆయన దృష్టిలోనే ఏ రంగుకీ ఒంటరిగా స్థిరమైన అర్థం లేదు. పక్కన ఏముందో దాన్ని బట్టి దాని స్వభావం మారుతుంది. ఉత్తరాన్ని నిఘంటువుగా కాక వ్యాకరణంగా చదవాలి. ఇలా చదివితే పులి చుట్టూ ఊదా, ఎరుపు, నీలం ముక్కలు ఎందుకున్నాయో అడగొచ్చు. పసుపుకు ఆనుకుని ఉన్నది ఏ రంగో ప్రింటు మీద అంచు వెంట తిరుగుతూ రాసుకోండి. తల దగ్గర ఏది, వీపు దగ్గర ఏది, పంజాల దగ్గర ఏది. ఆ జాబితా మీ రెండో ఆధారం. కానీ రెండేళ్ల ముందు రాసిన ఉత్తరం 1912 బొమ్మకు చట్టం కాదు. బొమ్మ ఒప్పుకున్నంతవరకే దాన్ని వాడండి.

వస్తువుల్ని కోణాల ముక్కలుగా విరిచి వేసే పద్ధతిని క్యూబిజం అంటారు. ‘క్యూబిజం ప్రభావం’ అని రాసి ముగించేవాళ్లూ ఉన్నారు. తప్పు కాదు గానీ సగం మాట. మార్క్‌కు ఆ పద్ధతి కొత్తేం కాదు. 1910 సెప్టెంబర్‌లో మ్యూనిక్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో ఆ పద్ధతిని మొదలుపెట్టిన పికాసో, బ్రాక్ బొమ్మలున్నాయి. పత్రికలు ఆ ప్రదర్శనను తిట్టిపోస్తే మార్క్ వెనకేసుకొచ్చాడు. 1911 డిసెంబర్ 18న చిత్రకారుడు కాండిన్‌స్కీతో కలిసి ‘బ్లూ రైడర్’, అంటే నీలి రౌతు, పేరుతో మ్యూనిక్‌లో పెట్టిన మొదటి ప్రదర్శనలో పారిస్ చిత్రకారుడు దెలోనె బొమ్మలున్నాయి. 1912 శరదృతువులో మాకెతో కలిసి పారిస్ వెళ్లి దెలోనెను కలిశాడు కూడా. అయితే ఆ పారిస్ ప్రయాణమే ఈ పులికి కారణం అని రాయకండి. బొమ్మ ఆ ఏడాదిదే అయినంత మాత్రాన ప్రయాణం తర్వాతిదని తేలదు.

అసలు రాయాల్సింది తేడా. పారిస్ క్యూబిస్టులు ఆ రోజుల్లో ఎక్కువగా పగలగొట్టింది వయొలిన్లు, సీసాలు, కుర్చీలో కూర్చున్న మనుషులు. రంగులేమో గోధుమ, బూడిద. ఒకే వస్తువును పలు వైపుల నుంచి ఒకేసారి చూపడం వాళ్ల ఉద్దేశం. మార్క్ పులిని ఒకే చోట నిలబడి చూస్తాం. దాని రెండో చెంప ఇటు తిరిగి రాలేదు. ముక్కలు చేసింది వైపులు పెంచడానికి కాదు, జంతువుకూ చోటుకూ మధ్య గోడ తీసేయడానికి. ట్రేసింగ్ కాగితం మీద మీరు చుట్టిన సున్నాలు చెప్పేదీ అదే. పద్ధతి అప్పు తెచ్చుకున్నదే, పని మాత్రం ఆయన సొంతం.

ఆ పని ఏమిటో ఆయన రాతల్లోనే దొరుకుతుంది. గుర్రం ప్రపంచాన్ని ఎలా చూస్తుంది, గద్ద, జింక, కుక్క ఎలా చూస్తాయి అని 1911-12 ప్రాంతంలో రాసుకున్నాడు. మన కళ్లకు కనిపించే ప్రకృతిలో జంతువుల్ని తెచ్చి నిలబెట్టడం ఎంత పేదరికం, వాటి మనసులోకి దిగి అవి చూసే లోకాన్ని ఊహించాలి గాని అన్నది దాని సారం. ఈ పులికి ఇది దగ్గరగా సరిపోతుంది: మనకు తెలిసిన అడవి ఇక్కడ లేదు కదా.

కానీ ఇక్కడా ఒక అడుగు ఎక్కువ వేసి జారేవాళ్లున్నారు. ‘పులి కంటికి కనిపించే అడవి ఇదే’ అని రాస్తారు. అది కుదరదు. మొదటిది, బొమ్మలో పులి కూడా కనిపిస్తోంది. పులి చూపు అయితే పులి కనిపించకూడదు. రెండోది, పిల్లి జాతికి ఎరుపు మనలా కనిపించదు. జింకలకూ అంతే. నల్లమల గడ్డిలో మన కళ్లకు నారింజ రంగులో కొట్టొచ్చినట్టు కనిపించే పులి, జింక కంటికి పచ్చగడ్డి రంగులో కలిసిపోతుంది. చారలు మిగతా పని చేస్తాయి. ఆ లెక్కన మార్క్ వాడిన ఎరుపులూ ఊదాలూ పులికి దక్కనివే. ఇది పులి చూసే లోకం కాదు, తల తిప్పిన ఆ క్షణంలో పులికి లోకం ఎంత పదునుగా తగిలి ఉంటుందో మనిషి రంగుల్లోకి మార్చిన ఊహ. ఈ తేడాను ఒక్క వాక్యంలో రాయగలిగితే చాలు.

యుద్ధం మాట. మీలా చాలామంది ఇక్కడ పప్పులో కాలేస్తారు, ఎందుకంటే మార్క్ కథ చివరినుంచి తెలుస్తుంది మనకు. 1916 మార్చి 4న ఫ్రాన్స్‌లోని వెర్దున్ దగ్గర యుద్ధంలో, ముప్ఫై ఆరేళ్ల వయసులో చనిపోయాడని తెలిశాక ఆయన వేసిన ప్రతి కోణంలోనూ ఫిరంగి వినిపిస్తుంది. ఆ కోరికను రెచ్చగొట్టేది ఇంకో బొమ్మ, 1913 నాటి ‘జంతువుల విధి’. దాదాపు రెండు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్లకు పైగా వెడల్పు, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఉంది. కూలుతున్న అడవి, మధ్యలో మెడ పైకెత్తిన నీలి జింక. కాన్వాస్ వెనక ‘ఉనికి అంతా మండే వేదనే’ అని ఆయనే రాశాడు. 1915లో యుద్ధరంగంలో ఉండగా కోలర్ ఈ బొమ్మ ఉన్న పోస్టుకార్డు పంపితే, ఇది ఈ యుద్ధానికి ముందస్తు సూచనలా ఉంది, వేసింది నేనేనంటే నమ్మలేకపోతున్నాను అని భార్యకు రాశాడు. గమనించండి: ఆ మాట ఆయన బొమ్మ వేసిన రెండేళ్ల తర్వాత అన్నది, పైగా వేరే బొమ్మ గురించి. దాన్ని తెచ్చి పులికి పూయడం అన్యాయం.

ఆ బొమ్మలోనే ఇంకో పాఠముంది. దాని కుడి వైపు మూడో వంతు గోధుమ రంగులో మసకగా ఉంటుంది. ‘మృత్యువు కమ్ముకొస్తున్నట్టు మార్క్ అటు రంగులు ఆర్పేశాడు’ అని రాసినవాళ్లున్నారు. జరిగింది వేరు. మార్క్ చనిపోయాక 1916లో గోదాములో మంటలంటుకుని ఆ భాగం పాడైంది. స్నేహితుడు, చిత్రకారుడు పాల్ క్లే 1919లో దాన్ని బాగుచేశాడు. తాను దిద్దింది ఏదో తెలిసేలా ఆ భాగాన్ని గోధుమ ఛాయలోనే ఉంచాడు. అసలు బొమ్మ ఎలా ఉండేదో, తర్వాత దానికి ఏం జరిగిందో తెలుసుకోకుండా రంగుకు అర్థం చెప్తే ఇలాగే అవుతుంది. ఏ బొమ్మకైనా ముందు మ్యూజియం పేజీలో దాని మరమ్మతుల వివరం ఉందేమో చూడండి, ఐదు నిమిషాల పని.

పోలికకు ఇంకో పులి కావాలంటే లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ రూసో పులి చాలు. 1891లో వేసింది, తుఫాను వానలో పులి. అక్కడ కోరలు బయటికున్నాయి, కళ్లు గుండ్రంగా తెరుచుకున్నాయి, గడ్డి ఊగుతోంది, మెరుపుంది, ఉద్రేకం చెప్పడానికి కావలసిన సామగ్రి అంతా ఉంది. అయినా పులి గడ్డి ముందు అతికించిన బొమ్మలా వేరుగా నిలుస్తుంది, అందులోనే దాని తమాషా. మార్క్ దగ్గర సామగ్రి ఏదీ లేదు, పులి మాత్రం చోటులోంచి విడదీయరాదు. ఒక పేరా చాలు దీనికి. ఇంకా లాగితే వ్యాసం రూసోది అవుతుంది.

నాలుగు పేజీల్ని ఎలా పంచుకోవాలంటే, మొదటి ముప్పావు పేజీ వర్ణన, భావం మాట లేకుండా. తర్వాత పేజీన్నర గీత, చార, కంటి గురించి, ట్రేసింగ్ బొమ్మతో సహా. ఒక పేజీ రంగు, పసుపు ఆవుతో పోలిక, ఉత్తరం నుంచి రెండు మూడు వాక్యాలకు మించకుండా. మిగిలినది కాలం, క్యూబిజం, రూసో. జీవిత చరిత్రకు నాలుగు పంక్తులు చాలు. ‘మ్యూనిక్‌లో 1880 ఫిబ్రవరి 8న జన్మించాడు’ అని మొదలుపెడితే చదివేవాళ్లు అక్కడే ఆవలిస్తారు.

పద్ధతి కనబడటానికి మీ మొదటి పేరాను మార్చి రాసి చూపిస్తాను. మీది ఇలా ఉంది: ‘ఈ చిత్రంలో పులి క్రూరత్వాన్ని మార్క్ పసుపు, ఎరుపు రంగుల ద్వారా అద్భుతంగా వ్యక్తీకరించాడు.’ ‘అద్భుతంగా’ అన్నది ఎవరికీ ఏమీ చెప్పదు, తీసేయండి. ‘ద్వారా’ కూడా, రంగులు గొట్టాలు కావు. ఇలా రాయొచ్చు:

‘పులి పడుకునే ఉంది, తల మాత్రం తిరిగింది. కోరలు లేవు, వేట లేదు, నేలా ఆకాశమూ లేవు. ఒళ్లంతా విరిగిన పసుపు తలాలు, వాటిని కోస్తూ నల్ల చారలు. అదే విరుపు చుట్టూ ఉన్న ఎరుపు, నీలం, ఊదా ముక్కల్లోనూ కొనసాగడంతో పులి ఎక్కడ ఆగి అడవి ఎక్కడ మొదలైందో కొన్నిచోట్ల చెప్పలేం (జత 1లోని గుర్తులు చూడండి). చూపుకు ఆసరా ఒక్క కన్నే. ఒళ్లు ఇంకా నిద్రలో ఉండగా మేలుకున్నది ఆ కన్ను. ఈ బిగువును నేను క్రూరత్వం అనను, అలికిడి విన్న క్షణం అంటాను.’

చివరి వాక్యంలో ‘నేను’ ఉంది, గమనించారా? ఉండనివ్వండి. అంతకుముందున్న వాక్యాల్ని ఎవరైనా బొమ్మ దగ్గరికి వెళ్లి సరిచూసుకోవచ్చు. చివరిది మాత్రం మీ నిర్ణయం, దాన్ని మీ పేరు మీదే చెప్పాలి. దానితో ఒప్పుకోనివాళ్లు ఉంటే పై వాక్యాల్లో ఏది తప్పో చూపించాల్సి వస్తుంది. జత 1 కింద మాత్రం చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, నూనె రంగులు, కాన్వాస్, లెన్‌బాఖ్‌హౌస్, మ్యూనిక్ అని వరసగా రాసి, పెన్సిల్ గుర్తులు మీవని పక్కనే చెప్పండి.